ఖాళీ గడిలో ‘లేవు’

ఆరేళ్లుగా నా దగ్గర ఒక ముక్క ఉంది. నిడివి నలభై సెకన్లు. బరువెంతో చెప్పడం కష్టం. ఇంట్లో చెప్పలేదు. నవ్వించే మనిషినని నాకు పేరు. ఇది చెబితే ఎవరూ నవ్వరు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మంచిర్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రి కోసం నేనొక యాప్ తయారు చేశాను. డాక్టరూ రోగీ మాట్లాడుకునేది రికార్డు చేసి, అక్షరాల్లోకి మార్చి, చీటీగా పేర్చడం దాని పని. ఆస్పత్రివాళ్లు వారానికోసారి జైనూర్‌లో క్యాంపు పెట్టేవారు. బయట బల్ల దగ్గర నర్సు షాహీన్ ఫోను ముందు పెట్టుకుని పాత జబ్బులు, పడని మందులు అడిగేది. మిగతా మాటలు లోపల డాక్టరు ట్యాబ్‌లో రికార్డయ్యేవి. రెండు ముక్కలూ కలిసి డాక్టరు ముందు ఒకే కాగితంలా కనిపించాలి. జైనూర్‌లో సిగ్నల్‌ది దాని ఇష్టం. షాహీన్ ముక్క ఒక్కోసారి రోగి ఇల్లు చేరాక వచ్చేది.

అంతదాకా ‘పడని మందులు’ గడి ఖాళీ. డాక్టరుగారు ఖాళీ గడిని భరించలేరు. “గిది పనిజేస్తలేదా?” అని ప్రతి క్యాంపులో అడిగేవారు. చివరికి, ముక్క వచ్చేదాకా ఆ గడిలో ‘లేవు’ అని కనిపించేట్టు పెట్టాను. ఫిర్యాదులు ఆగాయి. మంచి డిజైను అనుకున్నాను.

‘ఇంకా రాలేదు’ అని పెడితే సరిపోయేది. ఎందుకు పెట్టలేదు? రాలేదంటే నా యాప్‌లో లోపం. లేవంటే ఎవరి లోపమూ కాదు.

ఒక వారం రాజవ్వ అనే ఆమె పత్తి చేనులో కాలు కోసుకుని వచ్చింది. గడిలో ‘లేవు’. పెన్సిలిన్ సూది వేశారు. మొహం ఉబ్బి, ఊపిరాడకపోతే మంచిర్యాలకు తెచ్చారు. నాలుగు రోజులకు లేచి కూర్చుంది. అందులో నా గొప్పతనమేమీ లేదు.

సూది వేసిన సాయంత్రమే బయటి బల్ల ముక్క నా సర్వర్‌కు వచ్చి చేరింది; డాక్టరు అప్పటికే ముగించిన చీటీ మాత్రం మారదు. విన్నాను. షాహీన్ అడిగింది. రాజవ్వ చెప్పింది: “గా పెన్సిలిన్ సూది నాకు పడదు బిడ్డా, పోయినేడు మొఖమంత ఉబ్బింది.” వెనక ఎవరిదో దగ్గు. అంతా స్పష్టంగా ఉంది. నా యాప్ అంత బాగా పనిచేసిన రోజు మరొకటి లేదు.

చీటీలో ‘లేవు’ అని ఉంది కాబట్టి షాహీన్ అడగలేదని ఆస్పత్రివాళ్లు తేల్చారు. మర్నాడు ఆమె ఫోన్ చేసింది.

“భయ్యా, నేను అడిగిన. ఆమె చెప్పింది. నీ మిషన్ల ఉంటది గదా, జర తీసి సార్‌కు ఇనిపియ్యి.”

“ఆ ముక్క రాలే షాహీన్. జైనూర్ల సిగ్నల్ సంగతి నీకు తెల్వదా?”

“అయితే నీ మిషన్ల రాకపోతే నేను అడగనట్టేనా?”

“నేనేం జెయ్యాలె మరి” అన్నాను. చేయాల్సింది ఆమె ముందే చెప్పింది.

ఆమెను పనిలోంచి తీసేశారు. నేను ‘లేవు’ను తీసేశాను. నాది ఎవరూ గమనించలేదు. సర్వర్లో ఆ రికార్డింగు చెరిపి, ఒక నకలు మాత్రం నా ల్యాప్‌టాప్‌లో ఉంచుకున్నాను. ఎందుకు? పూర్తిగా చెరిపితేనే తప్పవుతుందని, దాచుకుంటే ఎప్పుడో ఒకప్పుడు ఇచ్చే మనిషిలా మిగులుతానని లెక్క వేసుకున్నానేమో. ఆ ఎప్పుడో ఒకప్పుడు ఇంకా రాలేదు.

షాహీన్ ఇప్పుడు నస్పూర్‌లో ఒక మందుల షాపులో ఉంది. పోయిన నెల మా బాపు బీపీ గోళీల కోసం, చూసుకోకుండా అక్కడే బండి ఆపాను. గుర్తుపట్టింది. పలకరించింది. గోళీలు కవర్లో వేసే ముందు, అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది.

“బాపుకు పడని మందులేమన్న ఉన్నయా భయ్యా?”

“లేవు” అన్నాను.

నిజంగానే లేవు. అయినా ఆమె ఒక క్షణం నా మొహం చూసి, ఇంకోసారి అడిగింది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. మీకు మాత్రం చెబుతున్నాను. ఆ ముక్క వచ్చింది.