మొక్కు పుంజుకు కావలి

డిగ్రీ పాసయ్యానని నేను మొట్టమొదట చెప్పింది ఇంటర్నెట్ సెంటర్ బయట చెరుకురసం అమ్మే ఆయనకు. ఆయనెవరో నాకు తెలియదు. కానీ ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలిపోయేలా ఉంది. మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లే లేరు మరి! నాచారం మెయిన్ రోడ్డు మీద కిరాణా కొట్టులో చెప్పాను, ఇస్త్రీ బండి దగ్గర చెప్పాను, ఎదురొచ్చిన చుట్టుపక్కలవాళ్లందరికీ చెప్పాను. నవ్వుతూనే గేటు తీశాను. పుంజు పరుగెత్తుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చింది. నా నవ్వు అక్కడ ఆగిపోయింది.

నేను పాసైతే ఆ పుంజును ఇస్తానని అమ్మ పోచమ్మకు మొక్కుకుంది.

అది పిల్లగా ఉన్నప్పటి మొక్కు. అప్పుడే మా పక్క ఖాళీ ప్లాట్లలో అపార్ట్‌మెంట్ల కోసం తుమ్మపొదలన్నీ జేసీబీతో పీకించారు. పొదల్లో ఉండే ముంగిసలు మా ప్రహరీ కిందికి చేరాయి. పట్టపగలే వచ్చి పెట్టల మెడలు కొరికేవి. నాన్న మల్లాపూర్‌లో తాను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి పాత ఇనుప జాలీ అడిగి తెచ్చి గూడు కట్టాడు. ముంగిస మట్టి తవ్వుకుని లోపలికి దూరుతుందని అడుగున బండలు పరిచాడు. అయినా పగలు కోళ్లను వదలక తప్పదు కదా. అందుకని నేను పుస్తకం పట్టుకుని జామచెట్టు కింద మంచం మీద కావలి కూర్చునేదాన్ని.

"జర పుంజు మీద కన్నుంచు బిడ్డా. దానికేమన్నయితే నీ సదువుకు అయినట్టే" అనేది అమ్మ.

పక్కింటి ఆమె గోడ మీదుగా నవ్వేది. "ఏంది వదినె, నీ బిడ్డ సదువు ఆ పుంజు కడుపుల దాసినవా ఏంది?"

"నవ్వకు. తల్లికి మాటిచ్చిన. తల్లి సొమ్మును ముంగిస నోట్లె పెడ్తనా?"

పరీక్షల మధ్యలో ఒక మధ్యాహ్నం పెట్టలు గోల పెట్టాయి. తలెత్తేసరికి ముంగిస పుంజు రెక్కను పట్టుకుని గోడవైపు లాగుతోంది. చేతిలోని ఎకనామిక్స్ పుస్తకం విసిరికొట్టాను. ముంగిస వదిలేసి పారిపోయింది. రెక్క మొదట్లో రక్తం. అమ్మ పసుపు, నూనె కలిపి అద్దింది. అది లేచి తిరిగేదాకా నేను మెత్తని అన్నం అరచేతిలో పెట్టి తినిపించాను. ఆ తర్వాత నేనెక్కడ కూర్చుంటే అదక్కడే.

"అమ్మా, బజార్ల వేరే పుంజును కొని ఇస్తె కాదా?" అని ఒకసారి అడిగాను.

"మొక్కింది దీన్ని" అంది అమ్మ. "నాకు మాత్రం పానం ఒప్పుతుందా?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఫలితాలొచ్చాక వచ్చిన ఆదివారం గుడికి వెళ్లాం. పుంజుకు పసుపు, కుంకుమ పెట్టి నెత్తిన నీళ్లు చల్లారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. మా పుంజు కదల్లేదు. మళ్లీ చల్లారు. నిలబడి చూస్తోంది, అంతే.

"ఎండకు సల్లగ మంచిగనిపిస్తున్నట్టుంది దానికి" అన్నాడు నాన్న. ఎవరూ నవ్వలేదు.

అమ్మ పోచమ్మ వైపు తిరిగి చేతులు జోడించింది. "తప్పేమన్న జేస్తిమా తల్లీ?"

గుడి ముందు పూలమ్మే ముసలమ్మ అడిగింది. "ఎవరి మీది మొక్కు?"

"నా బిడ్డ మీది. డిగ్రీ పాసైంది."

"అయితె ఆ పిల్లనే చెప్పుకోమను."

అమ్మ నావైపు తిరిగింది. "ఊరంత చెప్పొచ్చినవ్. తల్లికి ఒక్కమాట చెప్పు బిడ్డా."

నేను పుంజు వైపు చూశాను. నేను చెప్పకపోతే అది బతుకుతుందేమో. అమ్మ మాత్రం, తన మొక్కు చెల్లలేదన్న భయంతో బతికినంతకాలం నా గురించి దిగులు పడుతుంది. పుంజు మెడ వంచి నావైపే చూస్తోంది, చేతిలో అన్నం ఉందేమోనని.

"పాసైన తల్లీ" అన్నాను. నాకే వినపడనంత మెల్లగా.

మెడ నుంచి తోక దాకా ఈకలన్నీ నిక్కి, పుంజు ఒక్కసారి ఒళ్లు విదిలించింది. అమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టింది. నాన్న వంగి దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. పరాయివాళ్లెవరు పట్టుకోబోయినా రెక్కలు కొట్టుకుని అల్లరి చేసే పుంజు అరవలేదు, పెనుగులాడలేదు. ఇంటి మనిషి చేతుల్లోనే ఉన్నాననుకుంది.