పేకకు పడవ పాలు

నిరుడు ఏప్రిల్ పదిహేను, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు పేకాట మొదలైంది. సముద్రంలో వేట నిషేధం ఆ రోజు నుంచే. అరవై ఒక్క రోజులు పడవలు ఒడ్డెక్కి ఉంటాయి. మాది శ్రీకూర్మానికి దిగువన, సముద్రం అంచున ఊరు. మా చేపలు కొనే సావుకారు వలల పాకలోకి కొత్త పేక పట్టుకొచ్చి, "ఉత్తినే కూకుంటే కాళ్లు పట్టేస్తాయిరా, రండి" అన్నాడు.

మా పడవ అక్కనైన నాదీ, తమ్ముడిదీ చెరి సగం. ఇంజను పాడైంది. బాగుచేయించడానికి ఇద్దరం కూడబెట్టిన ఇరవై ఎనిమిది వేలు తమ్ముడి దగ్గర ఉన్నాయి. నిషేధం ఎత్తేసేలోగా ఇంజను తిరగాలి. నా దృష్టి అంతా దాని మీదే.

ఆట పేరు ఇరవై ఒకటి. చేతిలో ముక్కల మొత్తం ఇరవై ఒకటికి దగ్గరగా రావాలి, దాటకూడదు. దాటితే డబ్బు అక్కడికక్కడే పోతుంది. ముక్కలు పంచేవాడు, ఇక్కడ సావుకారే, అందరి తరవాత ఆడతాడు. అతనూ దాటిపోయినా, ముందు దాటినవాడి డబ్బు తిరిగి రాదు. పంచేవాడి లాభమంతా అందులోనే ఉంది.

సావుకారు దానికి రెండు షరతులు కలిపాడు. మొదటి రెండు ముక్కలే పదకొండు లెక్కకొచ్చే ఆసూ, పది లెక్కకొచ్చే బొమ్మా అయితే పందానికి రెండింతలు ఇస్తాడు. ఆడేవాడి మొత్తం, పంచేవాడి మొత్తం సమానమైతే మాత్రం డబ్బు అతనిదే. "పడవ పాలు అనుకోండ్రా. పేక నాది కాదేటి?" అన్నాడు.

అందరూ ముక్కలు అందుకున్నారు. మాలో చేపల డబ్బు పంచేముందు పడవకు పాలు, అంటే పడవ సొంతదారు వాటా, తీస్తారు. దాన్ని కాదన్నవాడికి ఏ పడవ మీదా చోటు ఉండదు. తమ్ముడు వయసులో ఉండగా ఓడ మీద పనిచేశాడు. అక్కడ ఇదే ఆటలో సమానమైతే పందెం వెనక్కి ఇచ్చేవారనీ, ఆసూ బొమ్మా వస్తే ఒకటిన్నర ఇచ్చేవారనీ అతనే నాకు చెప్పాడు. అయినా తలూపాడు.

నేను పక్కనే కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాను. సమానమైన ప్రతిసారీ వల అంచున ఒక నీలం ముడి వేశాను. నూరు ఆటలకు తొమ్మిది ముడులు పడ్డాయి. యాభై రూపాయల పందెం చొప్పున అలా పోయింది నాలుగువందల యాభై. ఆసూ బొమ్మా పడింది నాలుగుసార్లు. ఓడ లెక్కకన్నా సావుకారు అదనంగా ఇచ్చింది సగం పందెం చొప్పున నూరు రూపాయలు. ఆ నూరూ ఇచ్చినప్పుడు పాకంతా కేకలు. తీసుకున్నది ఎవరి చెవినా పడలేదు.

"ఒరే, పడవకి పాలెందుకు? చెక్క పుచ్చుతాది, అల కొడితే పగుల్తాది. పేకకి ఏటి పుచ్చుతాది? దాటిపోయినోళ్ల డబ్బు ముందే తింటన్నాడు. మళ్లీ పాలేటి?" అన్నాను తమ్ముడితో.

"పడవిచ్చినోడికి పాలియ్యకపోతే మనిసి పుట్టకేనా అప్పా?" అన్నాడు తమ్ముడు.

సావుకారు నవ్వాడు. "మీ అప్పని కూడా కూకోమనరా, లెక్క సెప్పడానికి మనిసి ఉంటాది."

మర్నాడు ఇంటి దగ్గర అన్నం పెడుతూ మళ్లీ చెప్పాను. ఓడ మీద అలవాటుతో తమ్ముడు పదిహేడు రాగానే ఆగిపోతున్నాడు. పంచేవాడూ పదిహేడు వచ్చేదాకా ఆగడు. సమానం కూడా అతనిదే అయినప్పుడు, పదిహేడు మీద ఆగినవాడు గెలవాలంటే పంచేవాడు దాటిపోవాలి, వేరే దారి లేదు.

"సావుకారు పైకి కనిపించేటట్టు ఉంచిన ముక్క ఆసైతే, పదిహేడు మీద కూడా ఇంకోటి అడుగు" అన్నాను.

"అడిగితే గెలుస్తానా?"

"గెలవవు. తక్కువ పోతాది. లేచొచ్చేస్తే అసలు పోదు."

"ఓడెక్కింది నాను. ఆట నువ్వు నేర్పుతావేటి?" అని చెయ్యి కడుక్కున్నాడు.

మే నెలాఖరుకు పందెం నూరుకు పెరిగింది. జూన్ పదో తారీకున ఇంజను డబ్బు అడిగాను. తమ్ముడు ఖాళీ సంచీ తెచ్చి నా ముందు పెట్టాడు. నాలుగు రోజులకు సావుకారు మెకానిక్కును తీసుకొచ్చాడు. ఖర్చు తనది, బదులుగా తమ్ముడి సగం పడవ తనది. కాగితం మీద తమ్ముడు సంతకం పెట్టేశాక నాకు తెలిసింది.

జూన్ పదిహేను పొద్దున్న మొదటి వేట. ఒడ్డున చేపల డబ్బు గుడ్డ మీద పోశారు. "ముందు పడవ పాలు తియ్యండ్రా" అన్నాడు సావుకారు. తీసి రెండు భాగాలు చేసింది తమ్ముడే. ఒకటి సావుకారి చేతిలో, ఒకటి నా చేతిలో పెట్టి, కూలీల వరసలో వెళ్లి నిలబడ్డాడు.

వచ్చినవి: గెలిచిన ఒక రోజున తమ్ముడు నాకు తెచ్చిన అరకిలో జీళ్లు.

పోయినవి: ఇంజను డబ్బు ఇరవై ఎనిమిది వేలు, అందులో నావి పద్నాలుగు. తమ్ముడి సగం పడవ. ఇక ముందు పడే ప్రతి వేటలో, పడవ పాలులో సగం.