టీసీ తీసుకోని విద్యార్థి

నాయనను మట్టి చేసి వచ్చిన మర్నాడు పొద్దున, మా బడి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆయన చనిపోయిన కబురు చూశాను. "మన పాఠశాలలో జీవితాంతం విశ్వాసంగా సేవ చేసిన ప్యూన్ కాలం చేశారు. వారి ఆత్మకు శాంతి కలుగుగాక" అని సంఘం సెక్రటరీ రాశాడు. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఒకాయన తొందరలో పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టి, మళ్ళీ తీసేశాడు.

విశ్వాసమట! ఆ మాట చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. విశ్వాసంగా పడి ఉండేది వీధి అరుగు మీద కుక్క. మా నాయన ఆ బడిలో చదువుకున్న మనిషి. ఆ గ్రూపులో ఉన్న పెద్దమనుషుల్లో ఒక్క ప్రెసిడెంటుగారిని తప్పిస్తే, అందరికంటే ముందు ఆ బడిలో అ ఆలు దిద్దినవాడు. ఆ ప్రెసిడెంటుగారు కూడా ముందు పుట్టినవాడేం కాదు, నాయనతో పాటు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు.

"ఆయన ఈ బడి పూర్వ విద్యార్థి. దయచేసి ఆ మాట చేర్చండి" అని రాశాను. ఎవరూ పలకలేదు. కాసేపటికి ఎవరో గుత్తి వంకాయ కూర చేసే వీడియో పెట్టారు. దానికి మాత్రం పది మంది మెచ్చుకున్నారు.

ఇప్పుడు నేను మద్రాసు శివార్లలో మాధవరంలో ఉంటున్నాను. నాయన కడపటి రోజులు నా దగ్గరే గడిచాయి. కానీ నేను పుట్టిందీ పెరిగిందీ సౌకార్‌పేట అవతల, కార్పొరేషన్ క్వార్టర్సులో. ఆ వీధి పేరు చెబితే చాలు, తరతరాలుగా మద్రాసులో స్థిరపడ్డ తెలుగువాళ్ళకి మా కులం తెలిసిపోతుంది. ఆ తర్వాత వాళ్ళ నవ్వులో చిన్న తేడా వస్తుంది. మా తాత ఈ పట్నం వీధులు ఊడ్చినవాడు. కొడుకు చేతికి మాత్రం చీపురు రాకూడదని తెలుగు బడిలో వేశాడు. నాయన ఎనిమిది పాసయ్యేసరికి తాత జబ్బు చేసి మంచాన పడ్డాడు.

అప్పుడు హెడ్మాస్టరు నాయనను పిలిచి, "బడిలో పని ఉంది, చేస్తావా?" అని అడిగాడట. "ఆ మహానుభావుడు దేవుడు మే! లేకుంటే మన బతుకు ఏమయ్యుండును" అని మా అవ్వ చచ్చేదాకా చెప్పేది. దేవుడే, కాదనను. పిల్లాడి చేతిలోంచి పుస్తకం తీసుకుని చీపురు పెట్టిన దేవుడు. ఫీజు మాఫీ చేద్దామనో, మధ్యాహ్నం పూట క్లాసులో కూర్చోనిద్దామనో ఆ దేవుడికి తోచలేదు. మా వీధి పిల్లాడికి ఎనిమిదో తరగతి చాలనుకున్నాడు. అది దయ కింద చెల్లిపోయింది.

ఆ జూన్ నెలలో తోటి పిల్లలు తొమ్మిదో తరగతికి వెళ్ళారు. నాయన కూడా తొమ్మిదో తరగతికి వెళ్ళాడు, వాళ్ళందరికంటే ముందే, గది ఊడవడానికి. వాళ్ళు లోపల కూర్చున్నాక బయట గంట కొట్టేవాడు. మొదటి వారం పిల్లలు పేరు పెట్టి పిలిచారట. తర్వాత "ఏయ్, నీళ్ళు" అనడం మొదలుపెట్టారట. నాయన ఈ సంగతి నవ్వుతూ చెప్పేవాడు. నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

టీసీ మాట ఆయన ఎత్తలేదు, వాళ్ళూ ఇవ్వలేదు. "టీసీ నాకెందుకు పాపా? నేను ఏడికన్నా పోయినానా?" అనేవాడు.

నాయన చేసిన పనుల్లో బడి గోడ పని ఒకటి. ఈ ఊళ్ళో ఖాళీ గోడ కనిపిస్తే జనం ఊరుకోరు. రాత్రికి రాత్రి సినిమా పోస్టర్లు, పార్టీల పోస్టర్లు, చచ్చిపోయినవాళ్ళ ఫోటోలతో కన్నీటి అంజలి పోస్టర్లు అంటించిపోతారు. పొద్దున్నే బకెట్టు నీళ్ళు, ఇనుప రేకు పట్టుకుని నాయన వాటిని గీకేవాడు. "ముందు బాగా తడపాల. పొడిగా గీకినావంటే కాగితం రాదు, గోడ ఊడొచ్చేస్తాది" అనేవాడు. ఎవరి కన్నీళ్ళయినా సరే, బడి గంట కొట్టే లోపల గోడ శుభ్రమైపోవాలి.

ఆ గోడ మీద "ఇక్కడ పోస్టర్లు అంటించరాదు" అని పెద్ద అక్షరాలు ఉంటాయి. తమిళంలో పెయింటరు రాశాడు. వాడికి తెలుగు రాదు కాబట్టి తెలుగు మాటలు మా నాయన రాశాడు. గుండ్రటి, నిండైన అక్షరాలు. వచ్చిన ప్రతి హెడ్మాస్టరూ చేతిరాత బాగుందని మెచ్చుకున్నాడట. ఈ రాత ఎక్కడ నేర్చుకున్నావయ్యా అని మాత్రం ఒక్కడూ అడగలేదు. అడిగితే, ఇదే బడి సార్ అని చెప్పాల్సొచ్చేది.

నన్ను కూడా ఆ బడిలోనే వేశాడు. నేను పదో తరగతి దాటాను, టీసీ తీసుకున్నాను, పోస్టాఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందుకని నేను పూర్వ విద్యార్థిని, సంఘంలో శాశ్వత సభ్యురాలిని. ఏటా సంఘం సభకి ఆహ్వానం నా పేరు మీద వచ్చేది. నాయనకి ఫోను వచ్చేది. "కుర్చీలు ఎట్ల వెయ్యాలో నీకే బాగా తెలుసు, వచ్చేయ్" అని. ఆయన రిటైరై ఎన్నో ఏళ్ళయినా ఆ ఫోను ఆగలేదు.

"నువ్వెందుకు పోవాల నాయినా? వాళ్ళకి చేతుల్లేవా?" అని పోట్లాడేదాన్ని.

"పిలిచినాక పోకపోతే బాగుండదు పాపా" అని ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే బయల్దేరేవాడు.

కొన్నేళ్ళ కిందట జరిగిన సభ నేను మరిచిపోలేను. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు. మా నాయన చేతికి అక్కడ గరిటె కూడా ఇవ్వలేదు. ఆకులు వేశాడు, అందరూ తిన్నాక అవే ఆకులు ఎత్తాడు. గరిటె ఎందుకివ్వలేదో నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. పైకి మాత్రం "పెద్దాయన, కష్టపెట్టకూడదు" అన్నారు. ఆకులెత్తడం కష్టం కాదన్నమాట.

భోజనాల తర్వాత ఫోటో తీయడానికి ఆవరణలో నాయన కుర్చీలు వరసగా వేశాడు. అందరికంటే పాత బ్యాచీ వాళ్ళు మధ్యలో కూర్చోవాలని సెక్రటరీ మైకులో చెప్పాడు. ప్రెసిడెంటుగారు వచ్చి నడిమధ్య కూర్చున్నారు. టి. నగర్‌లో నగల కొట్టున్న కుటుంబం ఆయనది. మైకు చేతికివ్వగానే ఆయన గొంతు వణికింది. "నా బ్యాచీలో నేనొక్కడినే మిగిలినా. నా పక్కన కూర్చోడానికి ఇంకెవురూ లేరు" అని కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు మా నాయన సరిగ్గా ఆయన వెనకాల నిలబడి ఉన్నాడు, ఇంకో కుర్చీ చేత్తో పట్టుకుని.

నేను ఉండబట్టలేక నా వరసలోంచి అరిచాను. "సార్, ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. మీ బ్యాచీ మీ వెనకాలే ఉండాడు."

అందరూ నా వైపు తిరిగారు. ప్రెసిడెంటుగారు మాత్రం వెనక్కి తిరిగారు. నాయనను చూశారు. "ఓ, వీడా! వీడు మనోడే గదా" అని నవ్వి నాయన చెయ్యి తట్టారు. "ఆ కుర్చీ ఈడ వెయ్‌రా" అని తన పక్కన ఉన్న ఖాళీ చూపించారు. నాయన వేశాడు. అందులో ముఖ్య అతిథి కూర్చున్నాడు. ఫోటోగ్రాఫరు నాయనకేసి చెయ్యి ఊపి, కొంచెం పక్కకి జరగమన్నాడు.

అందరూ కాఫీకి పోయాక కుర్చీలు ఎత్తే ముందు నాయన అలసిపోయి మధ్య కుర్చీలో కూర్చున్నాడు. నేను ఫోన్లో ఒక ఫోటో తీశాను. "ఈడ కూర్చుంటే ఎండ నేరుగా కంట్లో కొడతా ఉండాది పాపా. పాపం, వాళ్ళందరూ ఫోటోలో కళ్ళు మూసుకోనే ఉంటారు" అన్నాడు. తర్వాత లేచి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన మీద విరుచుకుపడ్డాను. నోరు లేదా నీకు, నేనూ చదివినానని ఒక్క మాట అనలేకపోయావా అని. ఆయన కిటికీలోంచి చూస్తూ, "వాళ్ళకి తెలీదా ఏంది?" అన్నాడు.

గ్రూపులో నేను రాసిన మర్నాడు సెక్రటరీ ఫోను చేశాడు. నాకంటే చిన్నవాడు. అతను బడిలో చదివేటప్పుడు కింద పడి మోకాలు పగిలితే నాయనే ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

"ఏమ్మా, గ్రూపులో అట్ల రాస్తే ఎట్ల? మాకు రూల్స్ అని ఉండాయి గదా. ఆయనకి టీసీ ఉండాదా?"

"బడి వదిలినోళ్ళకి గదా సార్ టీసీ ఇచ్చేది. మా నాయన బడి వదిలింది ఎప్పుడు? మీరు వదలనిచ్చింది ఎప్పుడు?"

"కోపం వద్దమ్మా. నేను ప్రెసిడెంటుగారిని కూడా అడిగినా. ఆయనకి సరిగ్గా జ్ఞాపకం లేదంట."

ఎనిమిదేళ్ళు ఒకే బెంచీ. సభలో వీడు మనోడే అని నవ్విన నోరు, ఇప్పుడు జ్ఞాపకం లేదంటోంది. తాను ఒక్కడినే మిగిలానని కన్నీళ్ళు పెట్టుకున్నది మాత్రం వాళ్ళ వీడియోలో ఇప్పటికీ ఉంది. చావబోయే ముందు మా నాయన వాళ్ళని ఆస్తి అడగలేదు, సన్మానం అడగలేదు. ఆయన తరపున నేను అడిగింది ఒక్క మాట. దానికి కూడా వాళ్ళ నాలుక తిరగలేదు. ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. ఏడుపు రాలేదు. గిన్నెలు పగలగొట్టాలనిపించింది.

మధ్యాహ్నం ప్రెస్సుకు వెళ్ళి కన్నీటి అంజలి పోస్టర్లు వేయించాను. నేను తీసిన ఆ ఫోటోనే ఇచ్చాను. అటూ ఇటూ ఖాళీ కుర్చీలు, నడిమధ్య కుర్చీలో నాయన. పేరు కింద ఏం వేయాలని ప్రెస్సు ఆయన అడిగాడు. బడి పేరు చెప్పి, "పూర్వ విద్యార్థి" అని వేయమన్నాను. వెంటనే సెక్రటరీ మాట గుర్తొచ్చింది. టీసీ తీసుకోనివాడు పూర్వ విద్యార్థి ఎలా అవుతాడు? "పూర్వ తీసేయండి, విద్యార్థి అని మాత్రం ఉంచండి" అన్నాను. ప్రెస్సు ఆయన ఫోటోలో ముసలాయన్ని చూశాడు, నన్ను చూశాడు. అలాగే వేశాడు.

మర్నాడు పొద్దున్నే మైదా ఉడికించి జిగురు చేసి, డబ్బాలో పోసుకుని బస్సెక్కాను. ఈ వయసులో, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నాయన రాసిన "అంటించరాదు" కింద ఆయన బొమ్మలు వరసగా అంటించాను. ఎదుటి టీ కొట్టు దగ్గర జనం గ్లాసులు పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. నాకేం సిగ్గనిపించలేదు. వీధి ఊడ్చే వాళ్ళు మా వాళ్ళే, గోడ గీకే వాళ్ళు మా వాళ్ళే. ఒక్కరోజు అంటించేది కూడా మేమే అయితే ఏం?

ఇప్పుడు ఆ బడిలో కాంట్రాక్టు మీద ఊడ్చే అమ్మాయిది కూడా మా పాత వీధే. గోడ పని ఆమెకు నాయనే నేర్పాడు. సాయంత్రం ఆమె ఫోను చేసింది.

"అక్కా, గీకెయ్యమని సెక్రటరీ సార్ నిలబెట్టి చెప్పినాడు. మాట్టేన్ సార్, నా వల్ల కాదు అని చెప్పేసినా. తాత మొహం మీద నేను రేకు పెడతానా అక్కా?"

"నీ పనికి ముప్పు రాదా?"

"రానీ. ఇంకెవురిని పిలుస్తారు? మన వీధిలో ఎవుర్ని పిలిచినా అదే చెప్తారు."

నాయన పోయాక మొదటిసారి అప్పుడు ఏడ్చాను.

ఆ తర్వాత సెక్రటరీ మళ్ళీ చేశాడు. "ప్రెసిడెంటుగారు కార్లో పోతా పోతా చూసినారంటమ్మా. మనసు చాలా కష్టపడింది ఆయనకి."

"జ్ఞాపకం వచ్చిందా సార్ ఆయనకి?"

"అది ఉంచితే బడికి మర్యాదగా ఉండదమ్మా. ఎవురు తీస్తారు ఇప్పుడు దాన్ని?" అన్నాడు.

"మీరే తీయండి సార్" అని పెట్టేశాను.

మొన్న ఆదివారం చర్చికి వెళ్తూ ఆ వైపు బస్సు దిగాను. వానలకి పోస్టర్ల రంగు కాస్త వెలిసింది కానీ నాయన మొహం తెలుస్తూనే ఉంది, కింద విద్యార్థి అన్న మాట కూడా. ఒక్క పోస్టరు మూల మాత్రం ఎవరో గీకబోయారు. మా వీధి మనిషి కాదు, చూడగానే తెలిసింది. తడపకుండా గీకారు. కాగితం రాలేదు. గోడ సున్నం మాత్రం పెళ్ళలుగా ఊడి కింద పడి ఉంది.