బూడిదకు జాగా

మా అవ్వ నర్సింగమ్మ దేనికీ జడిసే మనిషి కాదు. తాత పోయాక కట్టంగూర్ దగ్గరి ఎర్రచెలకను ఒంటిచేత్తో సాగుచేసింది. పట్వారీ అంతటివాడే ఆమె ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాడట. అలాంటి మనిషి అరవై ఎనిమిదేళ్ల వయసులో ఒక రాతిముక్కను చూసి వణికిపోయింది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు, నేను నవ్వను.

ఆ ఎండాకాలం ఢిల్లీ సర్కారు మనుషులు వచ్చి ఊరి వెనక గుట్ట పక్కన డేరాలు వేశారు. బండలోకి తొలిచే బర్మా దింపి, లోపలి రాయిని గుండ్రంగా కోసి పైకి తీసేవారు. చూడటం అయిపోయాక అవతల పడేసిన ముక్కలు నున్నగా, చేతిలో ఇమిడేట్టు ఉండేవి. ఆడవాళ్లు ఊరుకుంటారా? తలా ఒకటి తెచ్చుకుని తొక్కు నూరుకోవడం మొదలుపెట్టారు. అవ్వ కూడా ఒకటి తెచ్చింది. అప్పుడు మా అమ్మ అండాలుకు ఏడో నెల. అంతకుముందు రెండు కాన్పులు దక్కలేదు. చింతతొక్కు తప్ప ఆమె నోటికి ఏదీ సయించేది కాదు. ఆ కడుపులో ఉన్నది నేనే.

డేరాల దగ్గర నీళ్లు మోసే మైసయ్య ఒకనాడు మా ఇంటికొచ్చి, ఆ రాయిని చూసి గడపలోనే ఆగిపోయాడు.

"గా రాయి ఇంట్ల పెట్టుకున్నవా అక్కా? కరెంటు తీసె అణుబట్టీల బూడిద పాతిపెట్టెటందుకు జాగా చూస్తున్నరట. గా బూడిద అంటిన రాయి తాకితె మనిషి లోపల్నించి కుళ్లిపోతడట. కడుపుల పిల్లను గూడ ఇడిసిపెట్టదట."

అవ్వ అమ్మకు ఏమీ చెప్పలేదు. పిల్ల కదులుతోందా అని మాటిమాటికీ అడిగేది. "కదుల్తాంది అత్తా" అన్నా నమ్మకం కుదిరేది కాదు. చివరికి రాయిని గోనెగుడ్డలో చుట్టి తీసుకుపోయి డేరాలోని ఇంజనీరు ముందు పెట్టింది.

"ఇది ఉత్త రాయే అమ్మా" అన్నాడాయన. "బూడిద ఇంకా రాలేదు. బండలో పగుళ్లున్నాయేమో చూస్తున్నాం, అంతే. పదేళ్లకు స్థలం ఖాయం చేస్తారు, ఆ తర్వాత తవ్వుతారు. మీ మనవలు పెద్దవాళ్లయితే గాని ఏదీ రాదు."

అవ్వకు ప్రాణం లేచొచ్చింది. వెళ్లడానికి లేచి, మళ్లీ కూర్చుంది.

"వచ్చినంక ఎన్నేండ్లుంటది సారూ, గా ఇసం?"

"వేల ఏళ్లు. భయం లేదు, ఎవరూ తవ్వకుండా సర్కారు కాపలా పెడుతుంది."

"ఏ సర్కారు సారూ? నా పెండ్లినాడు నిజాం ఉండె. నా కొడుకు పుట్టినప్పుడు మిల్ట్రీ ఏలింది. గటెన్క హైదరాబాద్ సర్కారన్నరు. గిప్పుడు ఆంధ్రప్రదేశ్ అంటున్నరు. నా ఒక్క పానంలనే గిన్ని మారినయి."



నేను ఏ లోపమూ లేకుండా పుట్టాను. డేరాలు ఎత్తేశారు. స్థలం ఖాయమైందో లేదో మాకెవరూ చెప్పలేదు. చెప్పకపోవడంతోనే అవ్వ భయం ముదిరింది. నాకు మాటలు రాగానే ఒళ్లో కూర్చోబెట్టుకుని రోజూ ఒకటే వల్లె వేయించేది.

"గుట్టకాడ తవ్వొద్దు బిడ్డా. నీ పిల్లలకు చెప్పు. ఆళ్ల పిల్లలకు చెప్పుమను."