వరదకు ముందా, తర్వాతా

గౌలిపురలో మా సాయంకాలపు బడి పెరిగేకొద్దీ నా అలసటా పెరిగింది. పగలంతా దుకాణంలో లెక్కలు చూసి, సాయంత్రం పాలవాళ్లకు, మిల్లు కూలీలకు చరిత్ర చెప్పేవాణ్ణి. లెక్కలకు వచ్చే జనం ఎక్కువై ఒక్క గంటలో చోటు చాలక, చరిత్ర తీసేసి ఆ గంట కూడా లెక్కలకే ఇద్దామన్నారు బడి నడిపే పెద్దాయన. ఒకసారి విని తేలుస్తానని వెనక బల్ల మీద కూర్చున్నారు.

గోలకొండ కోట పడిపోయిన సంవత్సరాన్ని ఎప్పటిలాగే సర్కారీ ఫసలీ లెక్కలోనూ, ఇంగ్లీషు లెక్కలోనూ బోర్డు మీద వేశాను. ఒక పాలాయన చెయ్యెత్తాడు.

"సారూ, గీ అంకెలు మాకేం సమజైతయి? మూసీ తుగ్యానీకి ముంగటనా, ఎన్కనా?"

మా పేటలో పుట్టుకలూ పెళ్లిళ్లూ ఆ పెద్ద వరద నుంచే లెక్క. "చాలా ముందు. మీ తాతకు తాత పుట్టకముందు" అన్నాను.

"గట్లయితే మావోళ్లు గప్పుడు ఎవలకు పాలు పోసిండ్రు?"

"నీళ్లు ఎవలకు పోసిండ్రో అడుగు" అన్నాడు పక్కాయన. గది నిండా నవ్వులు, ఆపైన ప్రశ్నలు.

పెద్దాయన లేచారు. "చరిత్ర ఉండనియ్ భాయ్. లెక్కలకు ఇంకో గంట పెడదాం, అది గూడ నువ్వే చెప్పు."

కాదనే ఓపిక కూడా నాకు లేకపోయింది.