సీసాల బీరువా

ఎవరైనా దయ్యాల మాటెత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని నేను. నంద్యాలలో బడి పంతులమ్మగా పనిచేశాను. మాది ప్రార్థన తప్ప తాయెత్తులు ఎరగని ఇల్లు. అందుకే ఈ సంగతి బయట చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

డెబ్బయ్యో దశకం చివర్లో ఆళ్లగడ్డలో ఒక పాత బంగళా సామాన్లు అమ్ముతుంటే మా ఆయన శామ్యూల్ ఒక టేకు బీరువా కొనుక్కొచ్చాడు. నడుమెత్తు ఉంటుంది. లోపల సీసాలు నిలబెట్టడానికి గుండ్రటి గూళ్లు, పైన గ్లాసులకు అర, తలుపుకు ఇత్తడి తాళం. దొరల కాలంలో బ్రాందీ, వైన్ దాచుకునేవాళ్లట.

అప్పటికి ఆయన తాగుడు మానేసి ఎన్నాళ్లో కాలేదు.

"ఇదేందీ, దీన్నే తేవాల్నా?" అన్నాను.

"కొయ్య మంచిది. నీ గాజు గ్లాసులు పెట్టుకో" అని నవ్వాడు.

కడిగి, ఎండబెట్టి, గ్లాసులు సర్దాను. కొన్నాళ్లకే తలుపు తీస్తే గుప్పున బ్రాందీ వాసన. పాత కొయ్యకు పట్టిన వాసన అనుకునేదాన్నే. కానీ ఒక గ్లాసు అడుగున తడి ఉంది. వేలితో తాకితే జిగురు.

"మళ్లా మొదలుపెట్టినారా?" అని నిలదీశాను.

"లేదే. బైబిలు ముట్టుకొని చెప్తాండా."

నమ్మలేదు. ఆయన చొక్కాలు వాసన చూసేదాన్ని. తాళంచెవి మెడలో గొలుసుకు వేసుకున్నాను. అయినా గ్లాసు తడుస్తూనే ఉంది. ఇంకో తాళంచెవి చేయించుకున్నాడని అనుమానించాను. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. పుట్టింటికి పోదామని బట్టలు కూడా సర్దుకున్నాను.

ఒక సెలవు రోజు ఆయన పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఆయన పోయాక గ్లాసులన్నీ పొడిబట్టతో తుడిచి తాళం వేశాను. మా అత్త కాలు విరిగి మంచంలో ఉంది. ఆ రోజంతా ఆమె పక్కనే కూర్చున్నాను. బీరువా మా కళ్లెదుటే ఉంది. ఎవరూ రాలేదు.

సాయంత్రం తెరిచాను. గ్లాసులో తడి.

భయం కంటే ముందు సంతోషమేసింది. ఆయన కాదన్నమాట! అప్పుడే గడపలో అడుగుపెట్టిన ఆయనకు ఎదురెళ్లి, "మీరు కాదు, నాకు తెలిసిపోయింది" అన్నాను.

ఆయన వెనక్కి తగ్గాడు. "ఏందే, నీ నోట్లో ఆ వాసనేందీ?"

నా మీదికి తోస్తున్నాడని మండిపడ్డాను. మా అత్త నన్ను దగ్గరికి పిలిచింది. "ఊదు" అంది. ఊదాను. ఆమె మొహం తిప్పుకుంది.

"పొద్దుట్నుంచీ నా కండ్లముందే ఉండాది నాయనా. మంచినీళ్లు తప్ప ఏం తాగలే" అంది కొడుకుతో. మళ్లీ, "వాసన మాత్రం నిజమే" అంది.

మర్నాడే ఆయన ఆ బీరువాను వడ్రంగికిచ్చి పలకలు ఊడదీయించాడు. తల్లి మాట నమ్మాడో, అనుమానం లోపలే దాచుకున్నాడో, పోయేదాకా చెప్పలేదు.

నేను జన్మలో బ్రాందీ ముట్టలేదు. కానీ ఆ సెలవు రోజు రాత్రి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతంతా మండింది. అది ఎందుకో ఈనాటికీ నాకు తెలియదు.