మిరపపండు రంగు

ధర్మవరం బస్టాండులో నా పక్కన కూర్చున్న అమ్మాయి చీరలమ్మే వీడియో ఒకదాన్ని ఫోనులో పదేపదే చూసుకుంటోంది. ఒక్కచోట కుదురుగా లేదు. చివరికి ఫోను నా ముందు పెట్టింది.

"అక్కా, ఈ వీడియోలో నేను కట్టుకున్న చీర ఏం రంగు?"

"లేత గులాబీ."

"చూస్తివా! మా నాయన నేసింది మిరపపండు రంగు. మొహం తెల్లగా కనపడాలని ఫిల్టరు పెడితే చీర గూడా తెల్లబడిపాయ. రంగు వేరే వచ్చిందని కొన్నోళ్లు తిప్పి పంపినారు."

"మరి ఫిల్టరు తీసెయ్యి."

"తీస్తే నవ్వుతారక్కా. సినిమాల్లో నా రంగు పిల్లలు యాడుండారు? ఉన్నా పనిమనిషి వేషమే."

ఫిల్టరు పెట్టిన నా ప్రొఫైలు ఫొటో చూసి మొన్న మా ఆయనే "ఎవరీమె?" అని అడిగాడు. ఇక సలహా ఇవ్వడానికి నాకు ముఖమెక్కడిది?

ఆమె చటుక్కున లేచి, తిప్పి పంపిన ఆ చీరను సంచిలోంచి తీసి భుజాన వేసుకుంది.

"ఫిల్టరు తీసేసినా. ఫోను పట్టుకొని వీడియో తియ్యక్కా, మళ్లా మనసు మారిపోతుంది."

ఎండలో చీర ఎర్రగా, ఆమె నల్లగా, ఉన్నది ఉన్నట్టే కనిపించింది. "ఇది మా నాయన నేసిన చీర," అని మొదలుపెట్టింది. ఎక్కడా ఆపలేదు.

కెమెరా ఆమె వైపే ఉంది. అయినా వీడియో అయ్యేదాకా నేను పొట్ట లోపలికి బిగబట్టుకునే నిలబడ్డాను.